సర్కారు పైసలతోని సదివిన ఇంజనీరు

జులై 11 తెలంగాణ ఇంజనీర్ల దినం. 2014ల రాష్ట్రం వచ్చినంక సర్కారు ఈ రోజును ఖాయం చేసింది. దేశమంతా సెప్టెంబర్ 15న విశ్వేశ్వరయ్య పుట్టిన రోజును జరుపుకుంటది. మనం మన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ పుట్టిన రోజును కూడ పెట్టుకున్నం. మంచిదే. ఆ దినం ఆఫీసులల్ల ఫొటోకు దండ ఏస్తరు, రెండు ముచ్చట్లు చెప్తరు, చాయ్ తాగి ఎవరి కుర్చీల వాళ్లు కూసుంటరు.

గదే జులై నెలల ఇంజనీరింగ్ సీట్ల కౌన్సెలింగ్ నడుస్తది. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం దిక్కుకెళ్లి వచ్చే బస్సులు మా ఎల్‌బీ నగర్ రింగు రోడ్డు కాడ ఆగితె, అండ్లకెళ్లి ఒక ట్రంకు పెట్టె, ఒక బకెట్, ఒక పరుపు సుట్ట, ఎనుక ఒక తండ్రి దిగుతరు. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట గల్లీలల్ల హాస్టల్ బోర్డు లేని బిల్డింగ్ దొరకదు. ఎక్కడ జూసినా మూడే సవాళ్లు. ర్యాంకు ఎంత? బ్రాంచి ఏంది? ప్యాకేజీ ఎంతొస్తది? నాలుగో సవాలు ఎవ్వరు అడుగరు. ఈ సదువుకు పైసలు ఎవరియి, ఆ పైసలు పెట్టినోళ్లకు తిరిగి ఏమొస్తది?

నేను ఇంజనీరును గాదు. కాలేజీ గడప తొక్కలే. నా సదువంతా లైబ్రరీ బల్లల మీద, ఊరూరి మీటింగులల్ల అయ్యింది. కని ఆ నాలుగో సవాలుకు జవాబు యెతికితె నాకు అలీ నవాజ్ జంగ్ బతుకుల దొరికింది. అందుకే ఈ ముచ్చట చెప్తున్న.

ఆయన అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. అలీ నవాజ్ జంగ్ అనేది నిజాం ఇచ్చిన బిరుదు. 1877 జులై 11న హైదరాబాద్‌ల పుట్టిండు. తండ్రి మీర్ వాయిజ్ అలీ సర్కారు దఫ్తర్ల కొలువు చేసేటోడు. గరీబు ఇల్లు గాదు, జాగీర్దార్ ఇల్లూ గాదు. ఇయ్యాల్టి మాటల చెప్పాలంటె సర్కారు నౌకరి చేసే మధ్యతరగతి ఇల్లు. పిల్లగాడు సెయింట్ జార్జ్ గ్రామర్ స్కూల్ల, మదర్సా ఎ ఆలియాల సదివి నిజాం కాలేజీల చేరిండు. 1887ల మొదలైన నిజాం కాలేజీ అప్పటికి ఇంకా కొత్తది. పరీక్షలు మద్రాసు యూనివర్సిటీయి.

ఇక్కడ ఒక మాట దాచకుంట చెప్పాలె. ఆ కాలంల తెలంగాణ పల్లెలల్ల బడి అంటె ఏందో తెల్వని ఊర్లే ఎక్కువ. తెలుగు మాట్లాడే రైతు పిల్లగాడు, మాదిగ పిల్లగాడు, గొల్ల పిల్లగాడు నిజాం కాలేజీ మొఖం జూసే రోజులు గావు. ఆడివిల్లల సంగతి ఇంక చెప్పేదేముంది. పట్నంల పుట్టుడు, దఫ్తర్ల తండ్రి ఉండుడు, ఇంగ్లీషు, ఉర్దూ రెండూ రావుడు, ఇయ్యన్ని కలిసినోళ్లకే ఆ తొవ్వ దొరికింది. మీర్ అహ్మద్ అలీ తెలివి గలోడే, అండ్ల అనుమానం లేదు. కని తెలివి ఒక్కటే సాలేది గాదు.

సదువు ఖర్చు దగ్గరికి వస్తె ముచ్చట మారుతది. అప్పుడు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పాలన. బాగ సదివే పిల్లలను సర్కారు ఖర్చు మీద ఇంగ్లండుకు పంపే రివాజు ఉండె. 1895ల సరోజినీ నాయుడు అట్లనే నిజాం స్కాలర్‌షిప్ మీద పోయింది. మరుసటేడు, 1896ల, మీర్ అహ్మద్ అలీకి స్కాలర్‌షిప్ వచ్చింది. ఆయనకు అప్పుడు 19 ఏండ్లు. పోయింది లండన్ పక్కపొంటి థేమ్స్ నది ఒడ్డున ఉన్న కూపర్స్ హిల్ కాలేజీకి. దాని పూర పేరు రాయల్ ఇండియన్ ఇంజనీరింగ్ కాలేజ్.

ఆ కాలేజీ కథ యినాలె. పేర్ల ఇండియా ఉన్నది, ఉన్నది మాత్రం ఇంగ్లండుల. 1857 తిరుగుబాటు అయినంక బ్రిటిషోళ్లకు మన దేశంల రైళ్లు, రోడ్లు, కాల్వలు గట్టనీకి ఇంజనీర్లు మస్తు కావాల్సి వచ్చిండ్రు. రూర్కీల 1847 నుంచే ఇంజనీరింగ్ కాలేజీ నడుస్తుండె. మద్రాసుల 1794లనే సర్వే బడి పెట్టిండ్రు. అయినా మన పిల్లల మీద నమ్మకం పెట్టుకోకుంట, 1870ల తర్వాత కూపర్స్ హిల్ తెరిచిండ్రు. ఇంగ్లండు పిల్లగాళ్లు అక్కడ సదివి ఇండియా పబ్లిక్ వర్క్స్ శాఖల పెద్ద కొలువులకు వస్తరు. మన పిల్లలు మన దగ్గర సదివి కింది కొలువులల్ల ఉంటరు. అదీ లెక్క. మన దేశపోళ్లు ఆ కాలేజీల యేళ్ల మీద లెక్కబెట్టేటంత మందే ఉండేటోళ్లు. ఫీజు సామాన్యులు కట్టేటిది గాదు. సర్కారు ఖర్చు భరించకుంటె హైదరాబాద్ దఫ్తర్ల కొలువు చేసేటోని కొడుకు ఆ గేటు దాటేటోడు గాదు.

అక్కడ ఏం సదివిండు? ఇయ్యాల మన పిల్లలు ఇంజనీరింగ్ అంటె ముందుగాల బ్రాంచి అడుగుతరు. కూపర్స్ హిల్‌ల ఇన్ని బ్రాంచీలు లేవు. మూడేండ్ల సదువు. లెక్కలు, భూమి కొలుసుడు, నక్ష గీసుడు, నీళ్ల పారకం లెక్క, రాయి, మట్టి, సున్నం గుణాలు, భూగర్భం, కట్టడం పని, ఆఖరికి జమా ఖర్చు రాసుడు గూడ నేర్పేటోళ్లు. అడవుల శాఖకు పోయేటోళ్లు గూడ అదే కాలేజీల సదివేటోళ్లు. అంటె ఒక మనిషి ఒక కొండ ఎక్కి కిందికి జూస్తె, వాన ఎక్కడ వడ్తది, నీళ్లు ఎటు దిగుతయి, ఏ రాయి మీద కట్ట నిలవడ్తది, ఎన్ని ఎకరాలు తడుస్తయి, ఎన్ని ఊర్లు మునుగుతయి, దానికి ఎంత ఖర్చయితది, ఇయ్యన్ని ఒకటే మెదడుతోని జూడాలె. గసొంటి సదువు. దొరలు దాన్ని తమ రాజ్యం కోసం తయారు చేసుకున్నరు, నిజమే. కని ఆ సదువు మన మనిషి చేతికి వచ్చినంక దేనికి పనికొచ్చిందో సూడుండ్రి.

1899ల తిరిగొచ్చి హైదరాబాద్ రాజ్యం పబ్లిక్ వర్క్స్ శాఖల అసిస్టెంట్ ఇంజనీరుగ చేరిండు. కూపర్స్ హిల్ మాత్రం ఎక్కువ కాలం నిలువలే, 1906ల మూతవడ్డది. ఆయన సదువు మాత్రం ఇక్కడ కట్టలల్ల, కాల్వలల్ల నిలవడ్డది.

ఆయన కొలువుల చేరిన తొమ్మిదేండ్లకు పట్నం కొంప మునిగింది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగింది. పదిహేను వేల మంది దాక సచ్చిపోయిండ్రని అంటరు. పందొమ్మిది వేల ఇండ్లు కొట్టుకపోయినయ్. ఉస్మానియా దవాఖాన ఆవరణల ఉన్న చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది బతికిన ముచ్చట ఇప్పటికీ చెప్పుకుంటరు. మరుసటేడు విశ్వేశ్వరయ్యను పిలిపిచ్చిండ్రు. మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి, ఎగువల రెండు జలాశయాలు గట్టి వరదను ఆపాలె, ఆ నీళ్లనే పట్నానికి తాగనీకి ఇయ్యాలె అని ఆయన లెక్క గట్టిచ్చిండు. 1920ల ఉస్మాన్‌సాగర్, 1927ల హిమాయత్‌సాగర్ తయారైనయ్. ఇది ఒక్కల పని గాదు. సలహా విశ్వేశ్వరయ్యది, కట్టింది హైదరాబాద్ ఇంజనీర్లు, రాళ్లు మోసింది ఎవ్వరు పేరు రాసుకోని కూలీలు. 1918 నాటికి ఆ శాఖకు చీఫ్ ఇంజనీరు అయ్యింది అలీ నవాజ్ జంగ్. హిమాయత్‌సాగర్ తయారైంది ఆయన కాలంలనే.

ఆయన పేరు నిలిపింది మాత్రం నిజాంసాగర్. మంజీర మీద, అచ్చంపేట అనే ఊరి కాడ, 1923ల పని మొదలై 1931ల పూర్తయ్యింది. ఇయ్యాల అది కామారెడ్డి జిల్లా. ఆ డ్యాం దాదాపు మూడు కిలోమీటర్ల పొడుగు. కట్టినప్పుడు పట్టే నీళ్లు 29.72 టీఎంసీలు. పారకం 2,75,000 ఎకరాలు అని లెక్క. ప్రధాన కాల్వ నూటయాభై కిలోమీటర్లకు పైన పోతది. మోటర్లు లేవు, కరెంటు బిల్లు లేదు. నేల వాలును కొలిసి, నీళ్లను వాటి బరువు మీద అవ్వే పొయ్యేటట్టు చేసిండ్రు. నిజామాబాద్ కాడి అలీసాగర్‌ను ఆయన పేరు మీదనే పిలుస్తరు. మెదక్ దిక్కు పోచారం, ఖమ్మం దిక్కు వైరా, పాలేరు గూడ ఆయన శాఖను నడిపిన కాలంల వచ్చినయే. పెద్ద డ్యాముల మీదనే గాదు, చెరువుల మీద గూడ ఆ శాఖ పని చేసింది. తెలంగాణకు చెరువే తల్లి అని ఆ ఇంజనీర్లకు తెల్సు.

నిజాంసాగర్ వచ్చినంక బోధన్ దిక్కు చెరుకు వచ్చింది. 1937ల నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టిండ్రు. శక్కర్‌నగర్ అనే బస్తీ పుట్టింది. ఒక పిల్లగాని మూడేండ్ల సదువుకు పెట్టిన పైసలు, ఒక జిల్లా బువ్వ అయ్యింది. ఇంతకన్న మంచి పెట్టుబడి ఏముంటది?

కని నేను భజన రాయనీకి కూసోలే. నిజాంసాగర్ కింద మునిగిన ఊర్లు ఉన్నయ్. ఇల్లు, జాగ ఇడిసి పోయినోళ్ల పేర్లు ఏ శిలాఫలకం మీద లేవు. నీళ్లు వచ్చినంక ఆ నీళ్లతోని ఎవుసం ఎట్ల చేయాల్నో అలవాటు లేక, చేతుల పైసలు లేక, మనోళ్లు శానమంది భూములు అగ్గువకు అమ్ముకున్నరు. కోస్తా దిక్కుకెళ్లి డెల్టా ఎవుసం తెలిసిన రైతులను పిలిపిచ్చిండ్రు. బోధన్, వర్ని దిక్కు క్యాంపులు అట్లనే పుట్టినయ్. తప్పు వచ్చిన రైతులది గాదు. కాల్వ తవ్వనీకి ఇంజనీరును తయారు చేసిన సర్కారు, ఆ కాల్వ కింద ఉండే రైతుకు అప్పు, ఇత్తనం, సదువు ఇయ్యనీకి మనుషులను తయారు చేయలే. ఊర్లల్ల వెట్టి అట్లనే నడిసింది. డ్యాం గట్టుడు ఇంజనీరు పని, నీళ్లు ఎవరి మడిల వడాల్నో తీర్పు చెప్పుడు రాజకీయం. రెండో పని ఆ రాజ్యం చేయలే.

ఆయన పేరు హైదరాబాద్ బయట గూడ తెల్సు. సింధుల సుక్కూరు బ్యారేజీ కడుతున్నప్పుడు, 1929ల, దాని లెక్కలు సూడనీకి బొంబాయి సర్కారు పిలిసిన ఇద్దరిల ఒకలు విశ్వేశ్వరయ్య, ఇంకొకలు అలీ నవాజ్ జంగ్. మన తుంగభద్ర నీళ్ల వాటా కోసం మద్రాసు సర్కారుతోని నడిసిన చర్చలల్ల హైదరాబాద్ దిక్కు నిలవడి మాట్లాడిండు. కాంగ్రెస్ 1938ల నెహ్రూ నాయకత్వంల జాతీయ ప్రణాళికా సంఘం పెడ్తె, అండ్ల నదులు, సాగునీళ్ల ఉపసంఘానికి ఈయననే పెద్దగ పెట్టిండ్రు. నిజాం కొలువు చేసినోన్ని, రాబోయే దేశం నీళ్ల లెక్క చెప్పమని పిలిసిండ్రంటె, ఆయన సదువుకు ఎంత ఇలువుండెనో అర్థం చేసుకోవచ్చు.

ఇంకో ముచ్చట ఉన్నది. తనకు దొరికిన సదువు కోసం ఆయన సముద్రం దాటాల్సి వచ్చింది. ఆయన చీఫ్ ఇంజనీరుగ ఉన్నప్పుడే, 1929ల, ఉస్మానియా యూనివర్సిటీల ఇంజనీరింగ్ కాలేజీ మొదలైంది. అండ్ల పాఠాలు ఉర్దూల. దేశంల ఇంజనీరింగ్ అంటె ఇంగ్లీషే అనుకునే కాలంల, మన దేశపు భాషల పుస్తకాలు తర్జుమా చేసి డిగ్రీ ఇచ్చిండ్రు. తెలుగు పిల్లలకు ఉర్దూ తల్లిభాష గాదు, ఆ నొప్పి వేరే. కని ఒక్క సంగతి మాత్రం రుజువైంది. ఇంజనీరింగ్ సదువు ఏ భాషలనైనా చెప్పొచ్చు, పాలించేటోళ్లకు మనసుండాలె. ఊరి బడిల తెలుగుల సదివి, ఇంజనీరింగ్ మొదటి ఏడు ఇంగ్లీషుకు బెదిరి బ్యాక్‌లాగులు తెచ్చుకునే మన పిల్లలను సూసినప్పుడల్ల నాకు ఉస్మానియా ముచ్చటే యాదికొస్తది.

1948ల పోలీస్ యాక్షన్ అయ్యింది. నిజాం రాజ్యం పోయింది. 1949 డిసెంబర్ 6న అలీ నవాజ్ జంగ్ కన్ను మూసిండు. ఆ తర్వాత దాదాపు అరువై ఐదేండ్లు ఆయన పేరు మన పాఠ్యపుస్తకాలల్ల కనబడలే. రాజు తప్పులు రాజుకే ఉండాలె. రాళ్లు పేర్చి నీళ్లు మళ్లించినోని పేరు గూడ రాజుతోనే పాతిపెట్టుడు ఏం న్యాయం?

ఇగ ఇయ్యాల్టి లెక్కకు వద్దాం. పబ్లిక్ పైసలతోని ఇంజనీరింగ్ సదివించుడు ఇయ్యాల గూడ ఉన్నది. దాని పేరు ఫీజు రీయింబర్స్‌మెంట్. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు పూర ఫీజు. బీసీ పిల్లలకు పదివేల లోపు ర్యాంకు వస్తె పూర ఫీజు, దాటితె 35,000 రూపాయలు. మిగిలింది తండ్రి కట్టాలె. లక్ష దాటిన ఫీజు కాలేజీలు మస్తున్నయ్. సర్కారు ఇచ్చేది గూడ టైముకు రాదు. 2025 నవంబర్ల బకాయిల కోసం ప్రైవేటు కాలేజీలు బంద్ పెట్టిన సంగతి అందరు జూసిండ్రు. బకాయి సర్కారుది, సర్టిఫికెట్ ఆగేది పిల్లగానిది. మీర్ అహ్మద్ అలీ కూపర్స్ హిల్‌ల సదివేటప్పుడు, నీ సర్కారు పైసలు పంపలే గనుక నీ పట్టా ఇయ్యం అని ఉంటె, నిజాంసాగర్ ఉండునా?

సదువు సంగతి గూడ జూడుండ్రి. మన రాష్ట్రంల సగం కంటె ఎక్కువ ఇంజనీరింగ్ సీట్లు కంప్యూటర్ సైన్స్, దాని చుట్టాలే. సివిల్ సీట్లు నిండుతలేవు. పిల్లలను నేను తప్పు వట్ట. సివిల్ సదివినోనికి సర్కారు కొలువు నోటిఫికేషన్ ఎప్పుడొస్తదో తెల్వదు. ప్రైవేటుల సైటు మీద ఎండల నిలవడితె ఇచ్చే జీతం హాస్టల్ కిరాయికి సరిపోదు. అసొంటప్పుడు వాడు దిల్‌సుఖ్‌నగర్ వచ్చి కోడింగ్ కోర్సుల చేరుడే తెలివైన పని. తప్పు, నీళ్లు కావాలె గని నీళ్ల ఇంజనీరు వద్దనే పాలసీది.

ఆ పాలసీ ధర మా దిక్కు వాళ్లం కట్టినం. 2020 అక్టోబర్ వానకు ఎల్‌బీ నగర్, నాగోల్, హయత్‌నగర్ దిక్కు కాలనీలల్ల నడుముల లోతు నీళ్లు. పడవలేసి మనుషులను బయటికి తీసిండ్రు. ఎందుకు? ఎగువ చెరువు నిండితె దాని అలుగు నీళ్లు కింది చెరువుకు, అండ్లకెళ్లి సరూర్‌నగర్ చెరువుకు, ఆఖరికి మూసీకి పోవాలె. మధ్యల నాలాల మీద ఇండ్లు లేసినయ్, శిఖం భూములల్ల ప్లాట్లు లేసినయ్. లేఅవుట్ మీద సంతకం పెట్టినోళ్లు గూడ ఇంజనీరింగ్ సదివినోళ్లే. 2025 సెప్టెంబర్ల జంట జలాశయాల గేట్లు ఎత్తితె మూసీ పోయి ఎంజీబీఎస్ బస్టాండుల సొచ్చింది. ఆ రెండు జలాశయాల చుట్టు పది కిలోమీటర్ల దాక కాపలా కాసిన 111 జీవోను 2022ల పక్కకు పెట్టిండ్రు. వరద ఆపనీకి గట్టిన కట్టల నెత్తి మీద రియల్ ఎస్టేట్‌కు తొవ్వ ఇడిసిండ్రు.

నిజాంసాగర్ కట్టి తొంభై ఏండ్లు దాటింది. పూడిక వడ్డది, 29.72 టీఎంసీలది 17.80కి తగ్గింది. ఎగువల సింగూరు గట్టి మంజీర నీళ్లను పట్నానికి మలిపిండ్రు. అయినా కట్ట నిలవడే ఉన్నది. మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు 2023 అక్టోబర్ 21న కుంగినయ్, ప్రారంభమై నాలుగేండ్లే అయ్యింది. రెండూ ఇంజనీర్లు గట్టినయే. ఫరకు ఒక్క సిమెంటుల లేదు. నేల కింద ఏమున్నదో సూసి, లెక్క తప్పితె తప్పని చెప్పే ధైర్యం ఇంజనీరుకు ఉన్నదా, ఆ మాట యినే చెవి పాలించేటోనికి ఉన్నదా అనే కాడ ఉన్నది.

నేను అడిగేటియి పెద్ద కోరికలు గావు. ఫీజు బకాయి ఏ ఏడుది ఆ ఏడు ఇయ్యాలె, దాని పేరు మీద ఒక్క పిల్ల సర్టిఫికెట్ గూడ ఆగొద్దు. పబ్లిక్ పైసలతోని సదివే ప్రతి ఇంజనీరింగ్ పిల్లగాడు, ఏ బ్రాంచి అయినా సరే, ఒక సెమిస్టర్ ఒక చెరువు మీద, ఒక నాలా మీద, ఒక బస్తీ మీద పని చేసి లెక్క రాయాలె. ఆ లెక్కను మున్సిపల్ ఆఫీసు తీసుకోవాలె. కంప్యూటర్ సదివినోడు వాన లెక్క గట్టే ప్రోగ్రామ్ రాయొచ్చు, కరెంటు సదివినోడు మోటర్ల ఖర్చు తగ్గించొచ్చు. సాగునీటి శాఖల ఖాళీలు ఏటేటా నింపాలె. మొదటి ఏడు పాఠాలు తెలుగుల గూడ అందుబాటుల ఉండాలె.

అన్నిటికన్న ముందుగాల, దండ ఏసే దినం నాడు ఫొటో కింద ఒక్క వాక్యం రాయుండ్రి. ఈ మనిషి సదువుకు ఖర్చు పెట్టింది హైదరాబాద్ రాజ్యం ఖజానా, ఆ ఖజానా నిండింది రైతు కట్టిన శిస్తుతోని అని రాయుండ్రి. అది సదివిన పిల్లకు తెలుస్తది, తన ఫీజు ఎవరి జేబుల నుంచి వస్తున్నదో. సూర్యాపేట బస్సు దిగిన ఆ తండ్రి గూడ బీడీ కట్ట మీద, అగ్గిపెట్టె మీద, ఎరువు బస్తా మీద పన్ను కట్టినోడే. ఆయన బిచ్చం అడుగుతలేడు, తను పెట్టిన పైసలకు లెక్క అడుగుతున్నడు.